జీళ్ళ పొయ్యి లైసెన్సు

ఆ రోజుల్లో అనకాపల్లిలో ఊపిరి పీల్చడానికి తప్ప తక్కిన అన్నిటికీ లైసెన్సు ఇచ్చేది నేనే. జట్కాకు నేను, కాఫీ హోటలుకు నేను, కట్టెల అడితికి నేను, పిండిమరకు నేను, తోళ్ళు ఆరేసుకునేవాడికి నేను. యుద్ధం ఎవరి లైసెన్సుతో మొదలుపెట్టారో నాకు తెలియదు గాని, నా దగ్గరికి మాత్రం ఎవరూ దరఖాస్తు తేలేదు. తెచ్చి ఉంటే పొగగొట్టం ఎత్తు చాలలేదని తిప్పి పంపేవాణ్ణి, లోకానికి ఆ బాధ తప్పేది.

మునిసిపల్ కచేరీలో నాకిచ్చిన గది వెనక వైపు. దాని పెంకులు ఎంత పాతవంటే, వానొస్తే బయట నిలబడ్డవాడే తక్కువ తడిసేవాడు. ఎండాకాలం లక్క కాల్చకుండానే సీలు పడేది. నా సైకిలు గంట కొడితే పక్క ఊరు తుమ్మపాలలో గేదెలు లేచి నిలబడేవని చెప్పుకొనేవారు. చెప్పుకొన్నది ఎక్కువగా నేనే. నాకు తోడు ఒక బంట్రోతు ఉండేవాడు. అతని మీసాలు అతని కంటే ముందుగా గదిలోకి వచ్చేవి. దరఖాస్తుదారులు ఆ మీసాలకు దండం పెట్టి నన్ను దాటుకుని పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

నిప్పుతో చేసే వ్యాపారాలంటే నాకు ప్రత్యేకమైన శ్రద్ధ. పొయ్యికీ తాటాకు చూరుకూ మధ్య ఎడం ఎంతుందో, పక్కన ఇసుక బాల్చీ ఉందో లేదో చూడాలి. జేబులో గుడ్డ టేపు పెట్టుకుని ఊరంతా తిరిగేవాణ్ణి. నన్ను చూసి కొత్తవాళ్ళు దర్జీ అనుకుని లాగు ఎంతకు కుడతావని అడిగేవారు.

బెల్లం బజారు వెనక సందులో ఒక జీళ్ళ కొట్టు ఉండేది. ఆ సందులో చీమలు ఎంత బలిసి ఉండేవంటే, వాటికి జట్కా లైసెన్సు ఇవ్వవచ్చుననిపించేది. కొట్టు అంటే పెద్దదేమీ కాదు. ముందు ఒక బల్ల, వెనక ఒక పొయ్యి, పొయ్యికి ఎదురుగా చూరు మోస్తున్న ఒక రాట. ఆ రాటకు మనిషి ఎత్తున ఒక కొయ్య మేకు. ముదురు పాకం దింపి, నూనె రాసిన బండ మీద పోసి, చెయ్యి పెట్టగలిగినంత చల్లారాక ముద్ద చేసి ఆ మేకుకు తగిలిస్తారు. తగిలించి లాగుతారు. సాగింది మడిచి మళ్ళీ మేకుకు వేసి మళ్ళీ లాగుతారు. నల్లగా ఉన్న పాకం లాగేకొద్దీ రాగి రంగుకు, రాగి నుంచి బంగారానికి వస్తుంది. ఆ తరవాత నువ్వుల్లో దొర్లించి ముక్కలు కొడతారు. నేను ప్రతిదీ పెంచి చెబుతానని నా స్నేహితులకు ఒక అభిప్రాయం. ఆ తీగ విషయంలో నేను పెంచక్కర్లేదు, దానంతట అదే పెరిగేది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ తీగ లాగడానికి ఇద్దరుండేవారు. మొగుడు మేకు దగ్గర, పెళ్ళాం కొస దగ్గర. ఆమె వెనక్కి వెనక్కి నడుస్తూ సందులోకి వచ్చేసేది. అటుగా వెళ్ళేవాళ్ళు తీగ కిందనుంచి వంగి దాటేవాళ్ళు. నేనూ వంగేవాణ్ణి, లైసెన్సు ఆఫీసరునన్న మర్యాద పాకానికేం తెలుస్తుంది. ఇద్దరూ ఒక్క మాట ఆడుకోవడం నేను వినలేదు. తీగ ఎంత బిగువుగా ఉందో దాన్ని బట్టి ఒకరి సంగతి ఒకరికి తెలిసేది కాబోలు.

అతను రంగం వెళ్ళాడు. మా వైపువాళ్ళకు బర్మాలో రంగం అంటే పక్క వీధి కింద లెక్క. విశాఖపట్నంలో ఓడెక్కితే చాలు, దిగిన చోట మన భాషే, మన తగువులే. మునగపాక మనుషులు, నాతవరం మనుషులు అక్కడి ధాన్యం మిల్లుల్లో వరసలు కలుపుకుని బతికేవారు. ఇతనూ అలాగే ఒక మిల్లులో కుదిరాడు. ఉత్తరాలు వచ్చేవి, అప్పుడప్పుడు ఒక పట్టు జేబురుమాలు వచ్చేది. తరవాత యుద్ధం అటు మళ్ళింది. ఓడలు ఆగిపోయాయి. మనుషులు కొండలూ అడవులూ పట్టుకుని నడిచి రావడం మొదలైంది. రైలు దిగి వచ్చేవాళ్ళను వాళ్ళ ఇంటి కుక్కలు కూడా గుర్తుపట్టలేక మొరిగాయి. అంతమందిలో జీళ్ళ కొట్టతను లేడు.

ఆమె పొయ్యి ఆర్పలేదు. నుదుటి మీద కానీడబ్బంత బొట్టుతో, చేతుల నిండా గాజులతో, మేకుకు పాకం తగిలించి ఒక్కతే లాగేది. అత్తగారు బల్ల దగ్గర కూర్చుని తడుముకుంటూ నువ్వుల్లో జీళ్ళు దొర్లించేది. ఆ ముసలావిడకు చూపు పోయి చాలా కాలమైంది. గొంతు మాత్రం పోలేదు. పోయిందని ఆవిడే అనేది, ఊరంతా వినపడేటట్టు.

లైసెన్సు అతని పేరునే ఉండేది. ఏటా మార్చిలో తిరగ రాసి ఇచ్చేవాళ్ళం, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఆ ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. యుద్ధం పుణ్యమా అని బెల్లానికీ కట్టెలకూ కూడా వాటాలు వచ్చాయి. లైసెన్సును బట్టి వాటా. అది తెలిశాక మా ఊళ్ళో లేని పొయ్యిలు మండటం మొదలెట్టాయి. కాలం చేసిన తాతలు కాఫీ హోటళ్ళు నడుపుతున్నారు. అందుకని లైసెన్సుదారు స్వయంగా హాజరు కావాలన్నారు. ఊళ్ళో లేకపోతే అతని చేవ్రాలుతో కాగితం రావాలి. మనిషే లేకపోతే, ఇప్పుడు పొయ్యి నడుపుతున్న వారసులు వచ్చి, అతని పేరు చెప్పి, అతను లేడని నా ఎదుట తమ నోటితో చెప్పాలి. మార్చి ఆఖరులోగా ఈ మూడింటిలో ఏదీ జరగకపోతే పొయ్యి ఆర్పించాలి. ఆర్పించాల్సిన మనిషిని నేను.

అత్తా కోడళ్ళు ఇద్దరూ కచేరీకి వచ్చారు. కోడలు ముసలావిడ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. బంట్రోతు మీసాలు సవరించుకుని విచారణ తానే మొదలుపెట్టాడు.

"ఓలమ్మీ, లైసెన్సు ఎవుల పేరునుంది?"

"మా ఇంటాయన పేరున."

"ఇంటాయనకి పేరుంటాది గదా."

"ఉంటాది."

"ఏటది?"

ఆమె తల వంచుకుని, గడ్డంతో కిటికీ వైపు చూపించింది. బంట్రోతు కిటికీలోంచి తొంగి చూశాడు. కచేరీ గోడ మీద ఒక మేక నిలబడి మా తోటకూర తింటోంది.

"మేకేటి?" అన్నాడు.

"ఆవల కొండ బాబూ. కొండ మీది సామి పేరు," అంది, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నాను సెప్తాను బాబూ," అంటూ ముసలావిడ ముందుకు జరిగింది. "ఆడ్ని కన్నది నాను. ఆడికి పేరెట్టింది నాను. ఆ పేరెట్టి పిల్సి పిల్సి నా గొంతు పోయింది, ఆడు పలికితే గదా."

అని, గుమ్మం వైపు తిరిగి కొడుకును వీధిలోంచి పిలిచినట్టు పేరు పెట్టి కేక వేసింది. మా ప్రాంతంలో ఆ పేరు ఎంత విరివిగా పెట్టుకుంటారంటే, ఆవరణలో జట్కాల దగ్గర కూర్చున్న మగవాళ్ళలో ఇద్దరు ఏకకంఠంతో "ఆ" అని పలికారు. బంట్రోతు నవ్వాడు. నేనూ నవ్వబోయాను. ముసలావిడ తల ఆ గొంతుల వైపు తిరిగిపోయింది. నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఆగింది.

"ఎవులో," అంది, తనలో తను అనుకున్నట్టు.

కోడలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

నేను ఉత్తర్వు చదివి వినిపించి తెలుగులో చెప్పాను. చూపు లేని మనిషికి నిప్పు లైసెన్సు రాయడానికి రూలు ఒప్పదు, కనక కోడలే చెప్పాలి. భర్త పేరు, అతను ఉన్నాడో లేడో.

"ఉన్నాడో నేడో నీకెందుకు బాబూ," అంది ముసలావిడ. "పొయ్యి ఉంది గదా, అది సూసుకో."

కోడలు మాత్రం నెమ్మదిగా జవాబిచ్చింది. "ఉన్నారు బాబూ. ఎక్కడున్నారో తెల్దు."

"అయితే చేవ్రాలు కాగితం కావాలి."

"ఆ దేశంనుంచి టపా నేదట."

"పోనీ పేరైనా చెప్పు, ఇప్పటికి అంతవరకు రాసుకుంటాను."

"పేరెట్టి పిలిస్తే ఆయుస్సు తగ్గిపోద్ది బాబూ. అసలే దూరంలో ఉన్న మనిషి."

ఆయుస్సు సంగతి మునిసిపల్ చట్టంలో ఏ సెక్షను కిందికీ రాదు. నేను మార్చి ఆఖరుదాకా గడువుంది పొమ్మన్నాను. వెళ్ళేటప్పుడు ఆమె నా బల్ల మీద ఒక జీళ్ళ పొట్లం పెట్టబోయింది. బంట్రోతు అందుకోబోతే నేను వద్దన్నాను. ఆ రోజుకు అతని మీసాలు వాలిపోయాయి.

కొన్నాళ్ళకు మునగపాకనుంచి ఒక మనిషి ఒంటెద్దు బండి లైసెన్సుకు వచ్చాడు. ఎద్దు కంటే అతనికే గడ్డి అవసరమన్నట్టున్నాడు. చొక్కా మేకుకు తగిలించినట్టు భుజాల మీద వేలాడుతోంది. రంగంనుంచి నడిచి వచ్చినవాడని బంట్రోతు నా చెవిలో ఊదాడు. ఏ మిల్లులో పనిచేశావని అడిగాను. చెప్పాడు. జీళ్ళ కొట్టతను తెలుసునా అన్నాను. అతను బల్లకు ఆనించి ఉన్న నా గొడుగు చేతిలోకి తీసుకుని దాని పిడి పట్టుకున్నాడు.

"ఓ గదిలో వండుకునేవోళ్ళం బాబూ. నాను అన్నా అనేవోణ్ణి."

"ఎక్కడున్నాడు?"

"దారిలోనే ఉండిపోనాడు. కొండలు దాటక ముందే. నీళ్ళ విరేచనాలు. కొంత దూరం ఎత్తుకున్నాను. బరువేటీ నేదు, ఆ పాటికి ఈ గొడుగంత ఉన్నాడు. ఆ తరవాత ఆయనే దించీమన్నాడు. ఇంక నువ్వు నడువు అన్నాడు." గొడుగు మొన నేలకు ఆనించాడు. "నోట్లో నీళ్ళు పోసేను. అది సేసేను."

"వాళ్ళింట్లో చెప్పావా?"

"సెప్దారనే ఎల్లేను బాబూ. ఒదిన పాకం లాగుతంది. నన్ను సూసి నవ్వింది. అంత బొట్టెట్టుకుని నవ్వుతుంటే నోరెలా వత్తాది? కూకోబెట్టి జీళ్ళు పెట్టింది. తిన్నాను. వచ్చీసేను." గొడుగు తిరిగి నాకే అందించి, "నువ్వు సెప్పు బాబూ. నీది గవుర్నమెంటు నోరు," అన్నాడు.

గవర్నమెంటు నోరు ఎంత పెద్దదో నాకు ఆ వారం తెలిసింది. దానితో ఒక్క మాట బయటికి తేవడానికి పొద్దున్నే గడ్డం గీసుకుని, సైకిలెక్కి, సందు మొదట్లో గంట కొట్టకుండా దిగి, కొట్టుకు వెళ్ళాను. వెళ్ళి టేపు తీశాను. చూరుకూ పొయ్యికీ మధ్య కొలిచాను. పొగగొట్టం కొలిచాను. ఇసుక బాల్చీ లోతు కూడా కొలిచాను, ఏ చట్టం కింద అని అడిగితే చెప్పలేను. మళ్ళీ చూరు దగ్గరకు వచ్చాను. ఆమె మేకు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఎన్నిమార్లు కొలిసినా అంతే ఉంటాది బాబూ," అంది.

బల్ల దగ్గర ముసలావిడ నువ్వుల పళ్ళెంలో చెయ్యి పెట్టి, "ఎవులొచ్చేరే?" అని అడిగింది.

"లైసెన్సు బాబు అత్తా. పొయ్యి కొలుత్తన్నారు."

"కొలనీ. మావోడు కట్టిన పొయ్యి, ఎక్కడా తేడా ఉండదు. ఆడొచ్చేక ఇంకోటి కడతాడు, అదీ కొలుసుకుందురు గాని."

నేను టేపు చుట్టుకుని వచ్చేశాను. సైకిలెక్కాలన్న సంగతి కూడా మరిచి, శారదానది వంతెనదాకా దాన్ని నడిపించుకుంటూ పోయాను.

నా బుర్రలో ఎత్తులకు కొదవ లేదు. కొట్టతను విదేశంలో ఉన్నాడని రాసి తాత్కాలికంగా ఒక ఏడాది ఇద్దామా అని కమిషనరుగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన మంచివారే. ఆ మాటకు కింద చేవ్రాలు పెట్టవలసింది ఆయన కనక, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "విదేశంలో ఎక్కడ?" అని ఒక్క ప్రశ్న వేశారు. ఎక్కడో నాకు తెలుసు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మార్చి ఆఖరులో, మిట్టమధ్యాహ్నం, బంట్రోతు భోజనానికి వెళ్ళిన వేళ ఆమె ఒక్కతే వచ్చింది. ఆ ఎండకు కచేరీలో గడియారం కూడా నిద్రపోయింది. బొట్టు అలాగే ఉంది, గాజులు అలాగే ఉన్నాయి. జుట్టులో కొంచెం కట్టెల పొగ వాసన. కూర్చోమన్నాను, కూర్చోలేదు. నేను ఇంకో గడువు సంగతి ఏదో అల్లబోయాను. నేను నోరు తెరిచేలోగా ఆమె పేరు చెప్పింది.

ఇంటిపేరుతో సహా చెప్పింది. తల వంచుకోలేదు, చెంగు అడ్డం పెట్టుకోలేదు. పెళ్ళయినప్పటినుంచి నోటికి రానివ్వని అక్షరాలు కనక, అవి ఒకదాని పక్కన ఒకటి ఎలా ఉంటాయో చూసుకుంటున్నట్టు మెల్లగా చెప్పింది. ఈసారి జట్కాల దగ్గర ఎవరూ పలకలేదు. అంత చిన్నగా అంది.

రెండో ప్రశ్న నేను అడగలేదు. ఆయుస్సు తగ్గుతుందని పేరు చెప్పనన్న మనిషి పేరు చెప్పింది. ఇంక అడగడానికేముంది.

నేను కలం తీసుకున్నాను. చాలాసేపు ఇంకులోనే ఉంచాను.

"ఎవరు చెప్పారు?" అన్నాను చివరికి.

"ఎవులూ సెప్పనేదు బాబూ. మునగపాక మరిది వచ్చేడు. ఆ పిల్లోడు పెళ్ళిలో నా చెంబు దాసేసినోడు. రంగం ఎల్లినప్పుడు ఓడకాడ కూడా, ఒదినా నీ మొగుణ్ణి అక్కడ దొరసానికి అమ్మెత్తాను అని పరాసికమాడేడు. నాను తిట్టేను. అలాటోడు మొన్నొచ్చి కూకున్నాడు. జీళ్ళు పెట్టేను. ఎల్తూ ఎల్తూ, ఎల్లొత్తానమ్మా అన్నాడు." ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "ఒదినని అమ్మా అన్నాడు బాబూ. ఇంకేటి సెప్పాలి."

బయట ఒక గుర్రం డెక్కతో నేల గీరుతోంది. నేను రాశాను. అతని పేరుకు ముందు 'లేటు' అని రాసి, ఆమె పేరున లైసెన్సు పూర్తి చేశాను. వేలిముద్ర వెయ్యమంటే వేసింది. బొటనవేలు కాలి కాలి గీతలు అరిగిపోయి ఉంది, ముద్ర నల్లటి మచ్చలా పడింది.

"అత్తకి తెలీకూడదు," అంది కాగితం మడుస్తూ. "ఆవిడికి రంగంలోనే ఉన్నాడు. ఆవిడ ఉన్నన్నాళ్ళు ఈ బొట్టు ఇలాగే ఉంటాది, గాజుల సప్పుడు ఆవిడ వింటాది గదా. ఊళ్ళోవోళ్ళు ఏటన్నా అననీ. నువ్వు మాత్రం సందులోకి వచ్చినప్పుడు నోరు జారకు బాబూ."

నేను నోరు జారేవాణ్ణని ఆమెకు కూడా తెలుసు. మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. సరేనన్నాను.

ఆ తరవాత తనిఖీకి వెళ్ళిన రోజున ఆమె పాకం మేకుకు తగిలించి లాగుతోంది. మంచి పదునులో ఉంది, రాగి దాటి బంగారానికి వస్తోంది. నేను తీగ కిందనుంచి వంగి లోపలికి వెళ్ళాను. ముసలావిడ నా చెప్పుల చప్పుడు పట్టేసింది.

"లైసెన్సు వచ్చింది గదా బాబూ."

"వచ్చింది మామ్మా."

"మావోడి పేరుందా దాన్లో?"

"ఉంది."

"ఓపాలి సెప్పు. కోడలు సెప్పదు, దానికి నోరు రాదు."

నేను అతని పేరు చెప్పాను. ముందున్న ఒక్క ముక్కనూ మింగి, పేరు మాత్రం చెప్పాను. ప్రతి మాటకూ పది మాటలు తగిలించే నోటికి ఒక మాట తగ్గించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ముసలావిడ నువ్వులంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఇంకోపాలి సెప్పు బాబూ. నీ గొంతులో బాగుంది. పెద్దమనిషి పేరులా ఉంది."

మళ్ళీ చెప్పాను. గాజుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆమె కొస పట్టుకుని సందులో నిలబడి ఉంది, లాగడం లేదు. లాగడం ఆపితే పాకం ఊరుకోదు, బిగుసుకుంటుంది. మేకునుంచి ఆమె చేతుల దాకా ఆ తీగ అలాగే గట్టిపడి, మధ్యలో టప్పున విరిగి నేల మీద పడింది.

"ఏటయిందే?" అంది ముసలావిడ.

"ఏటీ నేదత్తా. వాయి సెడింది."

ఆమె ముక్కలు ఏరుకుంది. మట్టి అంటినవి పక్కన పెట్టి, తక్కినవి మూకుట్లో వేసి, పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.